గుటకల్లో కొలిచిన ఆయ్

కోనసీమలో సెల్‌ఫోను నెట్‌వర్కు మనిషికి నిజంగా ఎంత అందుతోందో సరిగ్గా కొలిచిన మొదటివాణ్ణి నేనే. కంపెనీలవాళ్ళకి కార్లున్నాయి, కంప్యూటర్లున్నాయి. నాకున్నది ఒక స్టీలు గ్లాసు, అందులో టీ. దాంతోనే కొలిచేను. నేను కొలిచి చెప్పేక మూడు మండలాల్లో టవర్లు మొహం ఇటు తిప్పేయి. హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషిని. కొలతల దగ్గర అబద్ధం ఆడతానా?

కొంచెం ఆడతాను. ఆ సంగతి తరవాత. ముందు మా ఆయ్ గురించి చెప్పాలి.

మా వైపు ఎవరైనా మాట్లాడుతూంటే ఊరికే నోరు మూసుకుని వినం. మధ్యమధ్యలో 'ఆయ్' అంటాం. అవునండీ అనడానికీ ఆయ్, వింటున్నానండీ అనడానికీ ఆయ్, మీ మాట నాకు నచ్చలేదు గాని పెద్దవారు కాబట్టి కానివ్వండి అనడానికీ ఆయ్. బస్సులో కండక్టరుగారు లోపలికి జరగమంటే, ఆయ్ అని ఉన్నచోటే నిలబడతాం. అయితే ఈ ఆయ్‌కి ఒక లెక్కుంది. అవతలివాళ్ళ మాట ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడే పడాలి. ముందు పడితే తొందరపాటు. వెనక పడితే ఏమవుతుందో, డెబ్భై దాటేదాకా నాకూ తెలీదు.

మా ఆవిడకి ఒక అక్కగారు. ఐ.పోలవరం దాటి ఏటి వైపు వెళ్తే వాళ్ళ ఊరు. వాళ్ళ అమ్మగారు పోయేనాటికి మా ఆవిడ బొత్తిగా చిన్నపిల్ల. అక్కగారే తల దువ్వి, అన్నం కలిపి పెట్టి, టీచరు ట్రైనింగు దాకా చదివించేరు. అందుకని మా ఇంట్లో వదినగారి మాటకి తిరుగులేదు. నా మాటకి బోలెడు తిరుగుళ్ళున్నాయి.

రోజూ వీధి లైట్లు వెలిగే వేళకి అక్కాచెల్లెళ్ళిద్దరూ వీడియో కాల్‌లో ప్రార్థన చేసుకుంటారు. మా ఆవిడ ఫోన్ని భోజనాల బల్ల మీద పంచదార డబ్బాకి ఆనించి పెడుతుంది. వదినగారు అక్కడ దేనికి ఆనిస్తారో గాని, మాకు మాత్రం ఆవిడ నుదురూ, ఆ పైన తిరిగే ఫ్యానూ కనిపిస్తాయి. ఒక రోజు ప్రార్థన ఇటు నుంచి, ఒక రోజు అటు నుంచి. వదినగారిది పొడుగు ప్రార్థన. చుట్టాలందరినీ, వాళ్ళ మోకాళ్ళనీ, పరీక్షలు రాసే పిల్లల్నీ, తెగులు రాకుండా రొయ్యల చెరువుల్నీ, ఎవరినీ వదలకుండా దేవుడికి అప్పజెప్తారు. నేను బల్లకి ఈ పక్కన కూర్చుని, కూర చల్లారిపోతోందని దేవుడికి విడిగా చెప్పుకుంటూంటాను.

ఎప్పణ్ణుంచో గాని ఆమెన్ ఆలస్యంగా రావడం మొదలైంది. మా ఆవిడ ప్రార్థన ముగించి ఆమెన్ అంటుంది. నేనూ అంటాను. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటాను. అప్పుడు వస్తుంది అవతలి నుంచి వదినగారి ఆమెన్. నోట్లో ముద్దతోనే మళ్ళీ కళ్ళు మూసుకునేవాణ్ణి. అప్పట్లో అది మాకు నవ్వులాటగానే ఉండేది.

ఇంతలో వదినగారికి కంట్లో శుక్లం తీయాలన్నారు. అమలాపురంలో ఆపరేషను. కొడుకూ కోడలూ ఉన్నారు, చూసుకోడానికి లోటేం లేదు. కాని ఆ మాట చెవిని పడ్డప్పట్నుంచీ మా ఆవిడ బీరువాలో చీరలు తియ్యడం, మడత మార్చడం, మళ్ళీ పెట్టడం. వెళ్ళి అక్క పక్కన ఉండాలని దాని ఆశ. పిలవకుండా వెళ్ళలేక కాదు, వదినగారి నోటంట 'రా' అన్న మాట రావాలి. అదొస్తే ఏనుగెక్కినంత. అది రావడం లేదు.

ఒక సాయంత్రం ప్రార్థన అయ్యేక మా ఆవిడ అడిగింది.

"చుక్కల మందు వేసుకుంటున్నావా అక్కా?"

జవాబు లేదు. ఫోన్లో ఫ్యాను ఆగిపోయింది. రెక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. మా ఆవిడ కాసేపు చూసింది. తరవాత గొంతు తగ్గించి అంది.

"ఆపరేషనుకి నేను వద్దామనుకుంటున్నాను. రావద్దంటావా?"

"ఆయ్," అంది ఫోను.

అంతే, కాల్ తెగిపోయింది.

మా ఆవిడ ఫోను వంక అలాగే చూస్తూ కూర్చుంది. "వద్దంది," అంది.

"నెట్‌వర్కోయ్ అది!" అన్నాను. "నువ్వు రెండు ప్రశ్నలు వేసేవు, ఆయ్ ఒక్కటే వచ్చింది. అది చుక్కల మందు తాలూకు ఆయ్. దారిలో ఎక్కడో ఆగి, వచ్చి రెండోదాని మీద పడింది."

"మరి రెండోదాని జవాబేదీ?"

"కాల్ తెగిపోయింది కదా."

"తెగిపోతే మళ్ళీ చెయ్యచ్చుగా అక్క. చెయ్యలేదే."

దానికి నా దగ్గర ఫిజిక్సు లేదు.

మళ్ళీ ఫోన్ చేసి 'రమ్మంటావా వద్దంటావా' అని తిన్నగా అడిగేస్తే పోయేదిగా అంటారు మీరు. మీరు మా వైపువాళ్ళు కాదన్నమాట. పెద్దావిణ్ణి పట్టుకుని అలా అడిగితే, రమ్మని ఆవిడచేత బలవంతంగా అనిపించుకున్నట్టు. మర్యాద ఎక్కువైపోయి మాట ఆగిపోయే మనుషులం మేం.

ప్రార్థన మానలేదు ఇద్దరూ. కాని ఆమెన్ అవగానే మా ఆవిడ "ఉంటానక్కా" అని ఎర్ర బొత్తాం నొక్కేసేది. బీరువా తలుపు చప్పుడు వినిపించడం మానేసింది. ఆ చప్పుడు మీద నేనెప్పుడూ విసుక్కునేవాణ్ణి. అది లేకపోయేసరికి ఇల్లు నాకు ఎలాగో అనిపించింది. తప్పు వదినగారిది కాదు, నెట్‌వర్కుది అని రుజువు చేసి చూపించాలని పట్టుదల పుట్టింది.

ముందు ఫోను మీద సిగ్నలు గీతలు చూసేను. నిండుగా ఉన్నాయి. కంపెనీకి ఫోన్ చేసేను. ఒకాయన చాలా మెత్తగా, "మీ ప్రాంతంలో మా సేవలు సంతృప్తికరంగా ఉన్నాయి సార్," అన్నాడు.

"సంతృప్తి ఎవరికండీ?" అన్నాను.

"ఒకసారి ఫోను ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యండి సార్," అన్నాడు.

వేగం కొలిచే యాప్ ఒకటి ఎక్కించుకున్నాను. ముల్లు గిర్రున తిరిగి పెద్ద అంకె దగ్గర ఆగింది. వీధిలోవాళ్ళకి చెప్పేటప్పుడు దాని పక్కన ఇంకో సున్నా పెట్టేననుకోండి, అది వేరే సంగతి. కాని అంత వేగం ఉంటే మా ఇంట్లో ఆయ్ ఎందుకు ఆలస్యమవుతోంది? అప్పుడు తట్టింది. నేను కొలుస్తున్నది యాప్‌కి కావలసింది. నాకు కావలసింది కాదు. పెద్ద సినిమా ఎంతసేపట్లో దిగుతుందో నాకెందుకు? నేను పిలిస్తే వదినగారు ఎంతసేపట్లో పలుకుతారో అది నాకు కావాలి.

అలా మొదలైంది గుటకల లెక్క. వదినగారికి ఫోన్ చేసి, "బావున్నారాండీ?" అని అడగడం, అన్న వెంటనే గ్లాసు ఎత్తడం. ఆయ్ వినిపించేలోపు ఎన్ని గుటకలు దిగేయో చూసుకోవడం. పొద్దున్నపూట గ్లాసు పెదవికి తగిలేలోపే ఆయ్ వచ్చేసేది. మధ్యాహ్నం ఒక గుటక దిగేది. ప్రార్థన వేళకి మాత్రం, తాపీగా తాగినా గ్లాసులో సగం అయిపోయేది. చోటుని బట్టి కూడా తేడా వచ్చేది. కాలవగట్టు మీద నిలబడితే బ్రహ్మాండం. వీధి అరుగు మీద ఫరవాలేదు. శ్లాబు కింద, కొబ్బరిచెట్ల వైపున్న మా భోజనాల గదిలో అధ్వాన్నం. మా ఆవిడ ప్రార్థన చేసుకునేది ఆ గదిలో, ఆ వేళప్పుడు.

వదినగారు చూసీ చూసీ ఒక రోజు అన్నారు. "మరిదిగారూ, ఒంట్లో బాగానే ఉందాండీ?"

"ఆయ్. ఏమండీ?"

"పొద్దుట్నుంచీ నన్ను బావున్నారా అని ఇన్నిసార్లు అడుగుతున్నారు. ఆపరేషను గురించి డాక్టరుగారు మీకు విడిగా ఏవైనా చెప్పేరేమోనని."

అన్నిసార్లు ఫోన్ చేసిన మనిషిని, ఆ ఒక్క మాటా నేనైనా అడిగెయ్యచ్చు. నోటిదాకా వచ్చింది కూడాను. అడగలేకపోయేను. నిజంగానే వద్దన్నారేమో, అది నా చెవులతో విని వచ్చి మా ఆవిడ మొహం చూడాలేమో అని భయం. టీ తాగడమే నయమనిపించింది.

ఆ రోజుల్లోనే మా వీధి మొదట్లో ఒక కారు ఆగింది. వెనక సీట్లో ఒక అమ్మాయి, ఒళ్ళో లాప్‌టాపు, ఎదురుగా చట్రంలో వరసగా బిగించిన ఫోన్లు. నెట్‌వర్కు కొలిచే మనిషి! నేను చొక్కా గుండీలు పెట్టుకోకుండానే వెళ్ళిపోయేను.

అనంతపురం వైపు అమ్మాయి. రోడ్డంట కారు పోతూంటే ఆ ఫోన్లు వాటంతట అవే కాల్స్ చేసుకుంటాయట, వీడియోలు దింపుకుంటాయట. ఎక్కడెక్కడ ఎంత వచ్చిందో లాప్‌టాపులో రంగుల చుక్కలుగా పడుతుంది. మా వీధి అంతా పచ్చ చుక్కలే.

"మీ ఊర్లో బాగుంది సార్," అంది.

"ఆయ్," అన్నాను.

"ఏమైంది సార్? దెబ్బ తగిలిందా?"

అది మా వైపు మర్యాదని చెప్పేసరికి ఆ పిల్లకి నవ్వాగలేదు. తరవాత నా గుటకల లెక్క చెప్పేను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తల పక్కకి పెట్టి వింది.

"మేమూ అదే చేస్తాం సార్. చిన్న కబురు పంపి, అది వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తాం. పింగ్ అంటాం."

"మా ఇంట్లో దాని పేరు ఆయ్."

"మరి గీతలు నిండుగా ఉన్నాయంటున్నారు కదా..." అని ఆగి, నాకు అర్థమయ్యేలా చెప్పడానికి కాసేపు వెతుక్కుంది. "గీతలంటే టవరు మాట మీకు వినపడతా ఉందని సార్. మీ మాట వినడానికి టవరుకి తీరిక ఉందని కాదు."

నేను స్కూల్లో అన్నేళ్ళు చెప్పిన పాఠాల్లో ఇంత చక్కటి మాట ఒక్కటి లేదు.

"సాయంత్రం మా ఇంటికి రామ్మా," అన్నాను. "కారు రోడ్డు మీదే వదిలెయ్. భోజనాల బల్ల దగ్గర కూర్చుని కొలిచి చూడు. మా ఊళ్ళో ఎవరూ కార్లో కూర్చుని ప్రార్థన చేసుకోరు."

వస్తుందనుకోలేదు. వచ్చింది. మా ఆవిడ ఎవరు, ఏమిటి అని అడక్కుండానే కొబ్బరి లౌజు పళ్ళెంలో పెట్టి, "ముందు చేతులు కడుక్కో," అంది. ఆ పిల్ల తన ఫోనొకటి మా ఫోను పక్కన పెట్టి, గీతలు చూసి, "నిండుగానే ఉన్నాయే," అని గొణుక్కుంది. వదినగారి నుదురూ ఫ్యానూ ప్రత్యక్షమయ్యేయి. ఆ రోజు ప్రార్థన మా ఆవిడది. అందులో, "ఎవరి బిడ్డో తండ్రీ, పొద్దస్తమానం కార్లో తిరుగుతోంది, దీన్ని వాళ్ళమ్మ దగ్గరికి క్షేమంగా చేర్చు," అని కూడా అంది. లాప్‌టాపు మీద ఆ పిల్ల వేళ్ళు ఆగిపోయేయి.

ఆమెన్ అన్నాం. వదినగారి ఆమెన్ రాలేదు. ఇంకా రాలేదు. అమ్మాయి తెర మీద ఎర్ర గీత ఒకటి పైకి లేచింది. ఊరంతా ఇంటికి చేరే వేళ అది. చెరువుల దగ్గర కాపలావాళ్ళూ, పిల్లలూ, అందరూ ఒక్కసారే ఫోన్లు పట్టుకుంటారు. అందరికీ ఒకటే టవరు. ఆమెన్ అప్పుడొచ్చింది.

ఇదే సమయం అనుకున్నాను.

"వదినగారూ, భోజనం చేసేరాండీ?" అని అడిగేను. జవాబు లేదు. ఊపిరి పీల్చుకుని రెండో ప్రశ్న వేసేను. "మా ఆవిడకన్నా నేనే అందంగా ఉంటానాండీ?"

"ఆయ్," అన్నారు వదినగారు.

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ పెదాలు బిగపట్టింది. చూస్తూండగానే భుజాలు కదిలేయి. నవ్వింది. అన్నాళ్ళకి ఆ నవ్వు మళ్ళీ చూసేను.

"ఏవిటీ? ఏమన్నారు మరిదిగారూ? ఎవరు అందంగా ఉంటారు?" ఇప్పుడొచ్చింది వదినగారి గొంతు, కంగారుగా.

"ఏం లేదండీ. నెట్‌వర్కు కొలుస్తున్నాం."

"సరే అది కొలుచుకోండి గాని." గొంతు మారింది. "ఏమే. బట్టలు సద్దుకున్నావా? వచ్చే వారమేగా ఆపరేషను."

మా ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది. ఎంతోసేపటికి, "ఆయ్," అంది. ఆ ఆయ్ అక్కడికి ఎప్పుడు చేరిందో తెలీదు. చేరేదాకా వదినగారు ఫోను పట్టుకునే ఉన్నారు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆ అమ్మాయి అంది, "ఇదంతా మా రిపోర్టులో రాయడానికి గడి ఉండదు సార్." అని, వీధి లైటు కింద నిలబడి కాసేపు ఏదో రాసుకుంది.

ఇక మూడు మండలాల సంగతి. మూడు కాదు. ఒక్క టవరు. అదీ తిరగడం నేను చూడలేదు. కొన్నాళ్ళకి సాయంత్రాలు ఆయ్ కాస్త తొందరగా వస్తోంది, అంతవరకే నిజం. ఆ అమ్మాయి రాసింది చదివి ఎవరైనా ఏమైనా చేసేరో, రొయ్య పట్టుబడి అయిపోయి చెరువుల దగ్గర జనమే తగ్గేరో నాకు తెలీదు. మొదటివాణ్ణి నేనే అన్నాను కదా, అదీ నమ్మకండి. ఊళ్ళో ప్రతి ఇల్లాలూ ఏ గదిలో నిలబడితే మాట వినబడుతుందో నాకన్నా ముందే కొలిచిపెట్టుకుంది. గ్లాసు మాత్రం నిజం.

ఆపరేషను రోజు నేనూ వెళ్ళేను. ఆస్పత్రి వరండాలో బల్ల మీద వదినగారు, కంటి మీద తెల్ల కట్టు. రెండో కన్ను కూడా మూసుకునే ఉన్నారు. పక్కన మా ఆవిడ, ఆవిడ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని. జనం, పిలుపులు, మందుల చీటీలు, అటూ ఇటూ తిరిగే నర్సమ్మలు. ఆ గోలలో వదినగారు ఉండుండి, "ఉన్నావా?" అంటున్నారు. అంత నెమ్మదిగా అంటున్నారు, ఎదురుబల్ల మీదున్న నాకు పెదాలు కదలడమే కనిపిస్తోంది.

"ఆయ్," అంటోంది మా ఆవిడ.

కాసేపాగి మళ్ళీ "ఉన్నావా?" మళ్ళీ "ఆయ్." క్యాంటీను నుంచి నేను తెచ్చుకున్న టీ చేతిలోనే ఉంది. కొలుద్దామని గ్లాసు ఎత్తేను. ఎత్తేంత వ్యవధి కూడా వాళ్ళు ఇవ్వలేదు. నాకు కళ్ళు చెమర్చేయి. ఆస్పత్రి టీ మరీ వేడి అని చెప్పేను, ఎవరూ అడక్కపోయినా.

ఇదంతా రాసి, మొన్న మా ఆవిడకి చదివి వినిపించేను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, తలెత్తకుండా వింది. మెచ్చుకుంటుందని కాగితాలు మడిచి కూర్చున్నాను.

"బానే ఉంది," అంది. "అబద్ధం గాని బానే ఉంది."

"ఏది అబద్ధం? మూడు మండలాలూ నేనే ఒప్పేసుకున్నాను కదా."

"అది కాదు. ఆ వేళ నెట్‌వర్కు తప్పేం లేదు. ఫ్యాను ఆగింది వాళ్ళకి కరెంటు పోయి. అక్క రావద్దనే అంది. ఆస్పత్రిలో అడిగితే చెప్పింది. ఈస్టరుకి వెళ్ళినప్పుడు, మంచం మారితే మీకు నిద్ర పట్టదని, అక్క పొద్దున్నించీ వండిందంతా వదిలేసి సాయంత్రం బస్సుకి లేచొచ్చేసేం కదా, అందుకు కోపం. కాల్ తెగిపోలేదు, అక్కే పెట్టేసింది. కోపం తగ్గేక తనే రమ్మంది. ఇందులో టవరూ లేదు, మీరూ లేరు."